స్కౌట్ ఉద్యమ పితామహుడు బేడెన్ పావెల్

గుడారం వేయడం, తాళ్లకు ముడులు వేయడం, పొయ్యి రాజేసి వండుకోవడం... వేసవి శిబిరాలలో స్కౌట్లు అభ్యసించే ఈ విద్యలకు బాట వేసినవారు రాబర్ట్ బేడెన్ పావెల్. 1857 ఫిబ్రవరి 22న లండన్‌లో జన్మించిన ఆయన మూడేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయారు. 19 ఏళ్లకే సైన్యంలో చేరి భారతదేశానికి వచ్చారు. బోయర్ యుద్ధంలో మెఫకింగ్ పట్టణాన్ని 217 రోజులు కాపాడారు. అక్కడ వార్తలు చేరవేసిన బాలుర దళాన్ని చూసి, బాధ్యత అప్పగిస్తే పిల్లలు ఎంతటి కార్యాన్నైనా సాధించగలరని గ్రహించారు.

1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో తొలి శిబిరం నిర్వహించారు. సంపన్నుల, శ్రామికుల పిల్లలు సుమారు 20 మందిని కలిపి, తోడేలు, ఎద్దు వంటి పేర్లతో నాలుగు దళాలుగా విభజించారు. ప్రతి దళానికీ ఒక బాలుడే నాయకుడు.

భారత్‌లో 1909లో ఆరంభమైన స్కౌట్ దళాలలో తొలుత భారతీయ బాలురకు ప్రవేశం లేదు. దీంతో అనిబిసెంట్ 1916లో మద్రాసులో వారికోసం వేరే సంఘం స్థాపించారు. 1921లో పావెల్ భారత్‌కు వచ్చిన సందర్భంగా ఈ సంఘాలు చేరువయ్యాయి. అయితే భారతీయులపై 1937లో ఆయన చేసిన వ్యాఖ్యలు నిరసనకు, మళ్లీ చీలికకు దారితీశాయి.

1941 జనవరి 8న కెన్యాలోని న్యేరీలో పావెల్ కన్నుమూశారు. విడిపోయిన సంఘాలు 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏకమయ్యాయి.