ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయ్

వార్షిక సంచికలయందు స్వకులమునఁ బుట్టిన మహనీయుల చరిత్రములనే వ్రాయుట పరిపాటి. ప్రఫుల్లచంద్ర రాయ్ మన కులమువాఁడు కాఁడు, మన భాషవాఁడును కాఁడు. ఐనను పేదవిద్యార్థుల నిమిత్తము దాతల నర్థించు సభలవా రెల్లరును తెలిసికొనఁదగిన జీవితమది.

వంగదేశమున రారులి గ్రామమునందు 1861వ సంవత్సరము ఆగష్టు 2వ తేదీన ఆయన జన్మించెను. ఆ గ్రామ మిప్పుడు బంగ్లాదేశములోని ఖుల్నా మండలమునఁ జేరియున్నది. గిల్‌క్రిస్ట్ విద్యార్థివేతనము సంపాదించి 1882లో సీమకేఁగి, ఎడింబరో విశ్వవిద్యాలయమున 1887లో డి.ఎస్‌సి. పట్టమందెను. తిరిగివచ్చి ఇంచుమించు నొక యేఁడు పనిలేక యుండి, 1889లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలయందు నెలకు 250 రూపాయల జీతముమీఁద సహాయోపాధ్యాయుఁడయ్యెను. పట్టము సమానమైనను పైతరగతి కొలువులు దొరలకే చెల్లుచుండిన కాలమది.

పెద్ద యుపాధ్యాయులు పైతరగతులనే కోరుకొనుట లోకసహజము. ఈయన యట్లుగాక, క్రొత్తగాఁ జేరిన బాలురకుఁ దానే పాఠము చెప్పెడివాఁడు. పచ్చిమట్టి యున్నప్పుడే కుండ తీరు దిద్దవలెనని యాయన తలంపు. ఎముకను గాల్చఁగా మిగిలిన బూడిదను తరగతిలో నోట వేసికొని, ఇది యిఁక నెముక కాదు, కాల్సియం ఫాస్ఫేటు మాత్రమేయని చూపెనని శిష్యులు చెప్పుకొనుచుండిరి. నలువది సంవత్సరములు బడిలోఁ బాఠము చెప్పినవారికి ఆ యొక్క నిమిషపు విలువ తెలియును.

మెర్క్యూరస్ నైట్రైటును గూర్చిన పరిశోధనను 1896లోఁ బ్రకటించెను. మాబోఁటి సంస్కృతజ్ఞులు వైద్యుల గ్రంథములని ప్రక్కనుంచిన రసార్ణవాదులను శోధించి, హిందూ రసాయనశాస్త్ర చరిత్రమును 1902, 1909 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువరించెను. ఈ పని మన పండితులలో నొకఁడు చేయవలసినది.

సత్యేంద్రనాథ బోసు, జ్ఞానచంద్ర ఘోషు, నీలరతన్ ధర్, మేఘనాథ సాహా ఆయన శిష్యులు. వీరిలో సాహా బీదవాఁడు; తక్కువకులమువాఁడని వసతిగృహమునఁ దోడి విద్యార్థులు సహపంక్తి కొప్పకుండిరి. గురువు మాత్రము కులభేదమును బహిరంగముగా ఖండించెను. కులసభ సంచికలో నీమాట కొందఱకు రుచింపకపోవచ్చును. కాని దీనిని విడిచి వ్రాసినచో అది యాయన చరిత్రము కాదు.

1916లో ప్రెసిడెన్సీ కళాశాలను విడిచి, విశ్వవిద్యాలయమువారి విజ్ఞాన కళాశాలలోఁ బాలిత్ ఆచార్యపదవి స్వీకరించెను. అఱువదియేండ్లు నిండిన 1921 మొదలు తన జీతము నంతయు రసాయనశాఖకే యిచ్చివేసి, 1936 వఱకును పాఠములు చెప్పెను. 1922లోఁ బదివేల రూపాయలిచ్చి నాగార్జునుని పేర నొక బహుమానము నెలకొల్పెను. ఆ పేరు మన యాంధ్రులకుఁ గ్రొత్తది కాదు.

ఆయన వివాహమాడలేదు. కళాశాలలోనే యొక గదియందుఁ గొందఱు పేదవిద్యార్థులను దగ్గఱనుంచుకొని కాలము గడపెను. 1944 జూన్ 16వ తేదీన ఆ గదియందే కన్నుమూసెను.