పులియు రసముల మర్మమెరిగిన లూయీ పాశ్చరు

పిచ్చికుక్క కాటునకు టీకా కనుగొనిన మహనీయుడనియే లూయీ పాశ్చరును మన పల్లెలలో ఎరుగుదురు. ఆ కీర్తి 1885లో వచ్చినది. అంతకు పూర్వము ఆయన ఇరువది సంవత్సరములలో అధికభాగము పులిసిన రసములతోను, చెడిన బీరు పీపాలతోను గడపెను. ఆ కథయే ఇచట వ్రాయుచున్నాను.

ఆయన 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశమందలి దోల్ పట్టణమున తోళ్లు ఊను వాని ఇంట జన్మించెను. 1854లో లీల్ నగరపు విజ్ఞాన కళాశాలకు అధ్యక్షుడాయెను. 1856లో బీగో అను కార్ఖానాదారుడు వచ్చి, తన తొట్లలో బీటుదుంపల రసము సారా కాక పుల్లబారిపోవుచున్నదని మొరపెట్టుకొనెను. పాశ్చరు సూక్ష్మదర్శినితో చూచెను. మంచి తొట్టిలో గుండ్రని ఈస్టు కణములు మొగ్గలు తొడుగుచుండెను. చెడిన తొట్టిలో సన్నని కడ్డీల వంటి వేరు జీవులు నిండియుండెను.

ఈ సంగతి మన ఇల్లాండ్రకు తెలియనిది కాదు. తోడు తక్కువైనను, చలి హెచ్చినను పాలు తోడుకొనుటకు జాగగును. ఆ జాగులో మరియొకటి చొరబడి పాలు విరిగిపోవును. తాటి రసము పట్టు కుండకు లోపల సున్నము పూసిన రసము తియ్యగానే నిలుచును. పాత మడ్డి గల కుండను కట్టిన చెట్టు మీదనే పొంగనారంభించును. బార్లీ కషాయము కూడ అట్టిదే. చేర్చిన ఈస్టు స్వల్పమైనను, నీరసించినదైనను కషాయము కొన్ని గంటలు కదలక యుండును. అప్పుడు ఈస్టు నిద్రించుట లేదు, తన సంతానమును పెంచుకొనుచున్నది. కాని ఆ వ్యవధియే శత్రువులకు అదను. అందుచేత ఎరిగినవారు ఈస్టును ముందుగా చిన్న పాత్రలో పెంచి, బలిసిన పిమ్మట పెద్ద తొట్టిలో కలుపుదురు. గాలి తగిలిన ఈస్టు మిక్కిలిగా వృద్ధియగుననియు, గాలి లేనిచో వృద్ధి తగ్గి చక్కెరను సారాగా మార్చుటయే హెచ్చుననియు 1861లో తెలిపినవాడు పాశ్చరే.

లెక్కలు వ్రాయు నాకు ఆయన మరియొక పని మిక్కిలి నచ్చినది. చక్కెర అంతయు సారా, బొగ్గుపులుసు వాయువు మాత్రమే అగునని పూర్వులు జమాఖర్చు సరిపెట్టిరి. పాశ్చరు తూచి చూచి, నూటికి సుమారు ఐదు పాళ్లు గ్లిసరిను, సక్సినికామ్లము, ఈస్టు దేహము మొదలగువానికి పోవుచున్నవని తేల్చెను. పులియుట ప్రాణిలేని రసాయన క్రియ యని వాదించిన జర్మను పండితుడు లీబిగు ఒప్పుకొనలేదు. 1897లో బూక్నరు ఈస్టును నలిపి తీసిన రసము కూడ చక్కెరను పులియబెట్టునని చూపుటచే, లీబిగు పలుకులోను కొంత సత్యము కలదని తేలినది.

ఇంతలో ఆయన ముగ్గురు కుమార్తెలు 1859, 1865, 1866లలో మరణించిరి. 1868లో పక్షవాతముచే ఎడమ భాగము చచ్చుబడెను. 1870లో జర్మనులు ఫ్రాన్సును జయింపగా, వారి బీరును మించు బీరు చేసి పగ తీర్చుకొనదలచెను. ఇట్టి పండితునకు ఈ పగ తగదని నా తలంపు. కాని పని మాత్రము గొప్పది. 1871లో లండనులోని విట్‌బ్రెడ్ కార్ఖానాలో ఈస్టును పరీక్షించి, అందు అన్యజీవులు కలసినవని చూపెను. వారము తిరుగకముందే వారు సూక్ష్మదర్శిని కొనిరి. 1876లో బీరును గూర్చిన గ్రంథము వెలువడెను.

అయినను ఒక కొరత మిగిలెను. ఈస్టులలోనే మంచివియు చెడ్డవియు కలవు. 1883లో కోపెన్‌హేగెను నగరపు కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలలో హాన్సెను ఒకే కణము నుండి శుద్ధమైన ఈస్టును పెంచి ఆ కొరత తీర్చెను. కార్ఖానా యజమాని యాకబ్సను దానిని పోటీదారులకు సహితము ఉచితముగా పంచెను. పగతో పుట్టిన పని ఇట్లు దానముగా పరిణమించుట చూడదగినది.

1885 జూలైలో జోసెఫ్ మైస్టరను తొమ్మిదేండ్ల బాలుని కుక్కకాటు నుండి కాపాడెను. 1888లో పారిసులో ఆయన పేర పరిశోధనాలయము వెలసెను. మన దక్షిణదేశమున 1907లో కూనూరులో అట్టిదే ఏర్పడెను. ఆయన 1895 సెప్టెంబరు 28న పరమపదించెను. పారిసు పరిశోధనాలయములోనే ఆయన సమాధి గలదు. దాని కప్పుపైన, గోడలపైన రంగురాళ్లతో కుక్కలను, గొఱ్ఱెలను చిత్రించిన చోటనే ద్రాక్షతీగెలను, బీరునకు చేదునిచ్చు హాప్ తీగెలను కూడ చిత్రించియున్నారు.