నక్షత్రకాంతిని రంగుగా మార్చిన చిత్రకారిణి: రెమెదియోస్ వారో

కంటికి కనబడిన దానిని ఉన్నదున్నట్లు దించుటయే చిత్రలేఖనమని మనలో పెక్కుమంది తలంతురు. కలలో మాత్రమే తోచు దానిని గూడ అంత స్పష్టముగను చిత్రింపవచ్చునని నమ్మిన కళాకారులు గత శతాబ్దమున ఐరోపాలో బయలుదేరిరి. 1924లో ఆంద్రే బ్రెటన్ అను కవి పారిసు నగరమున వెలువరించిన ప్రణాళికతో రూపుగొన్న ఈ ఉద్యమమునకు అధివాస్తవికత యని పేరు. శ్రీశ్రీ మున్నగు కవుల వలన ఈ మాట తెలుగువారికి పరిచితమే. ఆ మార్గమున నడచి, దానికి రసవాదమును, మార్మిక విద్యలను జోడించి తనదైన లోకమును నిర్మించిన చిత్రకారిణి రెమెదియోస్ వారో.

ఈమె 1908వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీన స్పెయిన్ దేశమున, కాటలోనియా ప్రాంతములోని అంగ్లేస్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి దక్షిణమున ఆండలూసియాకు చెందినవాడు. తల్లి బాస్కు దంపతులకు అర్జెంటీనాలో పుట్టినది. ఊరి భాష ఒకటి, ఇంటి భాష వేరొకటి. ఇట్టి యిండ్లు మనకు క్రొత్తవి కావు. అంతకుముందు ఒక ఆడుబిడ్డను పోగొట్టుకొన్న ఆ తల్లి, బాధలకు ఉపశమనము నొసగు మేరీమాత పేరును ఈ బిడ్డకు పెట్టుకొనెను.

తండ్రి నీటి పనుల ఇంజనీరు. ఆయన కొలతబద్దను, వృత్తలేఖినిని కుమార్తె చేతికిచ్చి, తన యంత్రముల నమూనాలకు నకళ్లు వ్రాయించుచుండెను. గీత తప్పినచో మరల గీయవలసినదే. ఈ శిక్షణ ఆమెకు జీవితాంతము తోడుగా నిలిచెను. ఆయన కూతురికి విజ్ఞానగ్రంథములను, సాహసకథలను చదువ నిచ్చుచుండగా, చదువు మాత్రము క్రైస్తవ సన్యాసినులు నడపు కట్టుదిట్టమైన పాఠశాలలో సాగెను. ఇంట ఊహకు రెక్కలు, బడిలో వానికి కళ్లెము. ఈ రెంటి పెనుగులాట ఆమె చిత్రములలో తుదివరకు కానవచ్చును.

1924లో, ఇంకను పదునారేండ్లు నిండకమునుపే, ఆమె మాడ్రిడ్‌లోని సాన్ ఫెర్నాండో కళాశాలలో చేరెను. ఆ నగరమందలి ప్రాడో చిత్రశాలలో బాష్ అను ప్రాచీన చిత్రకారుని వింత జీవులను చూచి ముగ్ధురాలయ్యెను. 1930లో సహాధ్యాయియగు లిజారాగాను వివాహమాడెను. కాని 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధము చెలరేగెను. ఆ యుద్ధకాలముననే తమ్ముడు లూయీస్ మరణించెను. 1937లో ఆమె ఫ్రెంచి కవి బెంజమిన్ పెరేతో కలిసి పారిసు చేరెను. మరి స్వదేశమున నివసించు భాగ్యము ఆమెకు కలుగలేదు. జర్మను సేనలు ఫ్రాన్సు నాక్రమించుచున్న 1940లో ఆమె కొంతకాలము నిర్బంధమునకు గురియయ్యెను. పిమ్మట మార్సేల్సు రేవున ఆశ్రయము పొంది, 1941వ సంవత్సరాంతమున కాసాబ్లాంకా నుండి ఓడనెక్కి మెక్సికో చేరెను.

పరదేశమున కళకంటె ముందు కడుపు నింపుకొనవలెను గదా! ఒక మందుల సంస్థకు ప్రకటనల బొమ్మలు వేసెను. కుర్చీలకు, పెట్టెలకు రంగులద్దెను. నాటకములకు వేషధారణలు సిద్ధపరచెను. 1947 చివర వెనెజులా దేశమున వైద్యుడుగా నున్న అన్న చెంతకు పోయి, అచటి మలేరియా నివారణ కార్యక్రమమునకై సూక్ష్మదర్శినిలో చూచి కీటకముల చిత్రములను వ్రాసెను. ఇట్లు పండ్రెండేండ్లకు పైగా ఆమె సొంత చిత్రములకు తీరిక దొరకుట అరుదయ్యెను. తుదకు ఆస్ట్రియా నుండి శరణార్థిగా వచ్చి, మెక్సికో నగరమున గ్రామఫోను రికార్డుల దుకాణము నడపుచున్న వాల్టర్ గ్రూయెన్ ఆమెకు జీవితసహచరుడై, కూలిపనులు మాని సొంతపనికి పూనుకొమ్మని ప్రోత్సహించెను. 1955లో ఇతరులతోను, మరుసటి సంవత్సరము ఒంటరిగను ప్రదర్శన లిచ్చినప్పుడు ఆమె వయస్సు నలువదియేడు దాటలేదు. కాని ఆమెకు మిగిలియున్నది ఎనిమిదేండ్లు మాత్రమే.

ఆమె చిత్రములలోని మంత్రవిద్యను మనము సరిగా గ్రహింపవలెను. అది చేతబడి కాదు, క్షుద్రపూజ కాదు. రసవాదులు సీసమును బంగారము చేయ యత్నించిరి. ఆమెకు ఆ సీసము మానవుని జడత్వము, ఆ బంగారము మేలుకొన్న మనస్సు. మనుష్యుడు మేలుకొనియున్నట్లు కనబడుచు నిదురించుచున్నాడని బోధించిన గుర్జియెఫ్ భావములను ఆమె శ్రద్ధతో చదివెను. సూఫీల రచనలను, చెన్నైలోని అడయారులో 1882లో కేంద్రము నేర్పరచుకొన్న దివ్యజ్ఞానసమాజపు స్థాపకులలో ఒకరైన బ్లావట్‌స్కీ భావములను గూడ పరిశీలించెను.

1957 నాటి ‘పక్షుల సృష్టి’ చూడుడు. గుడ్లగూబ రూపము దాల్చిన స్త్రీ బల్ల ముందు కూర్చుండియున్నది. గుడ్డు ఆకారముగల యంత్రము కిటికీ వెలుపలి నుండి గ్రహించిన ద్రవ్యమును రంగులుగా మార్చి పళ్లెమునకు అందించుచున్నది. ఆమె కుంచె మెడలో వ్రేలాడు వాయులీనముతో కలిసియున్నది. వేరొక చేత పట్టిన త్రిభుజాకారపు కటకము గుండా నక్షత్రకాంతి కాగితముపై పడగా, వ్రాసిన పిట్ట ప్రాణము పొంది యెగిరిపోవుచున్నది. 1958లో వేసిన మరియొక చిత్రమున ఒంటరి స్త్రీ నక్షత్రములను తిరుగలిలో విసరి, పంజరములోని నెలవంకకు చెంచాతో తినిపించుచున్నది. ఊహ ఎంత వింతదైనను, యంత్రములోని ప్రతి గొట్టము, ప్రతి చక్రము పనిచేయునట్లే యుండును. అది తండ్రి నేర్పిన గీత.

1960, 1961 సంవత్సరములలో చిత్రించిన మూడు చిత్రముల మాల ఆమె ఆత్మకథ వంటిది. మొదటిదానిలో ఒకే పోలికగల బాలికలు సన్యాసిని వెంట సైకిళ్లపై పోవుచుందురు. ఒక్కతె చూపు మాత్రము ప్రక్కకు మరలియుండును. రెండవదానిలో వారు గోపురమున బందీలై కుట్టుపని చేయుచుండగా, వారు కుట్టిన వస్త్రమే కిటికీల నుండి జారి భూమి యగుచుండును. ఆ బాలిక రహస్యముగా ఆ వస్త్రపు మడతలో తన ప్రియునితో కూడిన తన రూపమును కుట్టుకొనును. మూడవదానిలో ఇరువురును తప్పించుకొని కొండల వైపు సాగుదురు. ఆమెను విడిపించినది ఖడ్గము కాదు, తన చేతిలోని సూదియే.

ఆమె హాస్యప్రియురాలు కూడ. 1959లో కోడి, చేప మున్నగువాని ఎముకలతో చక్రముగల మానవుని బొమ్మ చేసి, పండితుడెవరో వ్రాసినట్లు మారుపేరుతో గంభీరమైన పరిశోధనవ్యాసమును గూడ కూర్చెను!

1963లో వేసిన తుదిచిత్రమున మనుష్యులు లేరు. దీపము చుట్టు పళ్లెములు, పండ్లు గ్రహములవలె తిరుగుచు, పండ్లు ఢీకొని పగిలి, నేలరాలిన గింజలు మొలకెత్తుచుండును. ఆ సంవత్సరమే అక్టోబరు 8వ తేదీన, ఏబదినాలుగేండ్ల వయస్సున, ఆమె గుండెపోటుతో మరణించెను. 1971లో మెక్సికో నగరపు ఆధునిక కళాశాలలో ఆమె చిత్రములను ప్రదర్శింపగా జనము తండోపతండములుగా వచ్చిరి.

విద్యార్థులారా! నకలు వ్రాసిన దినములు, కీటకములు గీసిన దినములు వ్యర్థమైనవని ఆమె జీవితము చూచినవా రెవ్వరు ననలేరు. ఆ గింజలే పిమ్మట మొలకెత్తినవి. పుట్టిన నేలకు దూరమైనను, చిన్ననాడు చేతికి వచ్చిన విద్య మనిషిని విడువదు. దానిని మరువకుండుట మన పని.