లూయీ పాశ్చర్

పెంపుడు కుక్కకు మూడు నెలల వయస్సు రాగానే పశువైద్యశాలకు తీసుకొనిపోయి రేబిస్ టీకా వేయించడం నేడు సామాన్య విషయం. నూట యాభై సంవత్సరాల క్రితం ఆ టీకా లేదు. పిచ్చికుక్క కరిచి రోగలక్షణాలు కనిపించాయంటే మరణం తప్పదు. కరిచిన తరువాత ఆ లక్షణాలు రాకుండా ఆపే మార్గాన్ని మొదట కనుగొన్న మహనీయుడు లూయీ పాశ్చర్.

ఆయన 1822 డిసెంబరు 27న ఫ్రాన్సు దేశంలోని డోల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తోళ్లు పదునుచేసే వృత్తితో కుటుంబాన్ని పోషించేవాడు. పాశ్చర్ బాల్యం ఆర్బువా అనే చిన్న ఊరిలో గడిచింది. 1831లో ఒక పిచ్చి తోడేలు ఆ ప్రాంతంలో పలువురిని కరిచింది. కొలిమిలో ఎర్రగా కాల్చిన ఇనుముతో గాయాలపై వాతలు పెట్టడమే నాటి చికిత్స. ఆ బాలుడు దానిని ఎన్నడూ మరువలేదు.

పాశ్చర్ రసాయన శాస్త్రవేత్త, వైద్యుడు కాడు. 1868లో పక్షవాతం వచ్చి ఎడమవైపు అవయవాలు చచ్చుబడినా పరిశోధన మానలేదు. బలహీనపరచిన సూక్ష్మజీవులను ఎక్కిస్తే కోళ్లకు కలరా రాకుండా కాపాడవచ్చునని 1879లో గ్రహించాడు. 1881లో పూయీ-ల-ఫోర్ గ్రామంలో ఆంత్రాక్స్ టీకాను అందరి ఎదుట పరీక్షించాడు. టీకా వేయని గొర్రెలు కూలిపోగా, వేసినవి నిలిచాయి.

రేబిస్ అంతకన్నా కఠినమైన సమస్య. ఆ రోగకారకం నాటి సూక్ష్మదర్శినికి కనబడదు. అది మెదడులోను, వెన్నుపాములోను ఉంటుందని తెలుసుకొని, రోగంతో మరణించిన కుందేళ్ల వెన్నుపామును పొడిగాలి నింపిన సీసాలలో ఆరబెట్టారు. రోజులు గడిచేకొద్దీ దాని తీవ్రత తగ్గింది. బాగా ఆరినదానితో మొదలుపెట్టి క్రమంగా తాజాదానిని ఎక్కించగా కుక్కలు రోగాన్ని తట్టుకొన్నాయి. దేశంలోని కుక్కలన్నింటికీ ఇలా టీకాలు వేయడం అప్పట్లో సాధ్యం కాదు. కాటు పడిన తరువాత రోగం బయటపడడానికి వారాలు పడుతుంది గనుక, ఆ వ్యవధిలోనే మనిషిని కాపాడవచ్చునని ఆయన ఆలోచించాడు.

1885 జూలై 6న తొమ్మిదేండ్ల జోసెఫ్ మీస్టర్‌ను తల్లి తీసుకొనివచ్చింది. బాలుని ఒంటినిండా కుక్కకాట్లు. పాశ్చర్‌కు వైద్యం చేసే అర్హత లేదు గనుక డాక్టర్ గ్రాంషే సూది వేశాడు. మొత్తం పదమూడు సూదులు. చివరివి మిక్కిలి తీవ్రమైనవి. ఆ పద్ధతిని కుక్కలపై పరీక్షించడం అప్పటికి పూర్తికాలేదని, ఆయన ప్రయోగశాల పుస్తకాలను చదివిన చరిత్రకారులు తరువాత గుర్తించారు. ఆ రాత్రులలో ఆయనకు నిద్ర లేదంటే ఆశ్చర్యమేమున్నది? బాలుడు బ్రతికాడు. పెద్దవాడై, 1888లో పారిస్‌లో ప్రారంభమైన పాశ్చర్ సంస్థకే ద్వారపాలకుడయ్యాడు.

పాశ్చర్ 1895 సెప్టెంబరు 28న మరణించాడు. ఆయన పేరుతో మన దేశంలో కసౌలిలో 1900లోను, కూనూరులో 1907లోను సంస్థలు వెలిశాయి. కుక్కలకు సామూహికంగా టీకాలు వేయడం 1920ల నాటికిగాని మొదలుకాలేదు. నేడు మన హైదరాబాదులోనే కుక్కల రేబిస్ టీకా తయారవుతున్నది. ఐరోపాలోనైతే టీకామందు దాచిన ఎరలను అడవులలో చల్లి నక్కలకు సైతం రక్షణ కల్పించారు. ఆ విధంగా 2001లో ఫ్రాన్సు రేబిస్ లేని దేశమయింది.