రోజ్ కుష్నర్

రోజ్ కుష్నర్ (జూన్ 22, 1929 - జనవరి 7, 1990) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన పాత్రికేయురాలు, రచయిత్రి, రొమ్ము కాన్సరు రోగుల హక్కుల కొరకు పోరాడిన ఉద్యమకారిణి. ముగ్గురు బిడ్డల తల్లి. తన శరీరమునకు జరుగబోయే చికిత్సను గురించి ముందుగా తెలుసుకొని నిర్ణయించుకొనే హక్కు రోగికే ఉండాలన్నది ఈమె ప్రధాన వాదము. వ్యాధి తిరగబెట్టిన తరువాత కూడా మరణించే వరకు ఈ కృషిని కొనసాగించింది.

బాల్యము, కుటుంబము

రోజ్ మేరీలాండ్ రాష్ట్రములోని బాల్టిమోర్ నగరములో ఒక యూదు కుటుంబములో జన్మించింది. పదేళ్ల ప్రాయానికే తల్లిదండ్రులను కోల్పోయింది. 1951లో హార్వీ కుష్నర్‌ను వివాహమాడింది. వీరికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. సంసార బాధ్యతల నడుమ చదువు కొనసాగించి, 1972లో మేరీలాండ్ విశ్వవిద్యాలయము నుండి పాత్రికేయ విద్యలో పట్టా పొందింది. ఏ పత్రికలోనూ ఉద్యోగిగా చేరక, స్వతంత్ర విలేఖరిగా వియత్నాం యుద్ధాన్ని, 1973 నాటి అరబ్-ఇజ్రాయెల్ యుద్ధాన్ని గురించి వార్తలు వ్రాసింది.

ఆనాటి చికిత్సా విధానము

రొమ్ము కాన్సరుకు అప్పట్లో అమెరికాలో అత్యధికముగా చేస్తున్నది హాల్‌స్టెడ్ శస్త్రచికిత్స. పందొమ్మిదవ శతాబ్దము చివరలో విలియం హాల్‌స్టెడ్ అనే వైద్యుడు బాల్టిమోర్ నగరములోనే దీనిని ప్రచారములోకి తెచ్చాడు. ఇందులో రొమ్ముతో పాటు దాని క్రింది ఛాతీ కండరాలను, చంకలోని లింఫు గ్రంథులను కూడా తొలగించేవారు. ఛాతీ గుంటపడటము, చేయి వాచి బరువెక్కటము రోగులకు జీవితాంతము మిగిలే బాధలు.

దీనికి తోడు నిర్ధారణ, శస్త్రచికిత్స ఒకేసారి జరిగేవి. గడ్డ కనబడిన స్త్రీ ముందుగానే అంగీకార పత్రముపై సంతకము చేసేది. మత్తులో ఉండగా చిన్న ముక్క తీసి పరీక్షించి, కాన్సరు అని తేలితే వెంటనే రొమ్మును తొలగించేవారు. తనకు కాన్సరు ఉన్నదో లేదో, రొమ్ము మిగిలినదో పోయినదో రోగికి మెలకువ వచ్చిన తరువాతనే తెలిసేది.

వ్యాధి, పోరాటము

1974 జూన్‌లో రోజ్ తన రొమ్ములో గడ్డను గమనించింది. వైద్య గ్రంథాలయములో పరిశోధన వ్యాసాలు చదివి, ముక్క పరీక్షను, శస్త్రచికిత్సను వేరువేరు రోజులలో చేయవచ్చునని, అలా చేయుట వలన ప్రాణహాని పెరగదని గ్రహించింది. ముక్క పరీక్ష మాత్రమే చేయమని కోరితే అనేకమంది శస్త్రవైద్యులు నిరాకరించారు. చివరకు పరీక్ష చేయించుకొని, కాన్సరు నిర్ధారణ అయిన పిదప, ఛాతీ కండరాలను తొలగించని పద్ధతిని అవలంబిస్తున్న డాక్టర్ థామస్ డావో వద్దకు బఫెలో నగరములోని రోజ్‌వెల్ పార్క్ సంస్థకు వెళ్లి శస్త్రచికిత్స చేయించుకొంది.

అదే సంవత్సరము సెప్టెంబరులో అధ్యక్షుని భార్య బెటీ ఫోర్డ్ రొమ్ములో గడ్డ బయటపడింది. ఏకకాల శస్త్రచికిత్సకు ఒప్పుకోవద్దని చెప్పుటకు రోజ్ శ్వేతసౌధానికి టెలిఫోను చేసింది గాని, అధ్యక్షుడు అప్పటికే నిర్ణయము తీసుకొన్నారని సమాధానము వచ్చింది. భార్య శరీరమును గురించి భర్త నిర్ణయించుట ఈమెను కలచివేసింది.

1975లో తన అనుభవాన్ని, పరిశోధనను కలిపి బ్రెస్ట్ కాన్సర్ పేరిట పుస్తకము ప్రచురించింది. తరువాత ఇది వై మీ? అనే పేరుతో వెలువడింది. అదే యేడు మేరీలాండ్‌లో రొమ్ము కాన్సరు సలహా కేంద్రాన్ని నెలకొల్పి, ఉత్తరాల ద్వారా, టెలిఫోను ద్వారా స్త్రీలకు సమాచారము అందించింది.

1979 జూన్‌లో జాతీయ ఆరోగ్య సంస్థలు నిపుణుల సంఘాన్ని సమావేశపరచాయి. ఆ సంఘములో వైద్యులు కాని సభ్యురాలు రోజ్ ఒక్కతే. హాల్‌స్టెడ్ పద్ధతికి బదులుగా కండరాలను ఉంచే శస్త్రచికిత్సను అంగీకరించవచ్చునని, నిర్ధారణ పరీక్షను చికిత్స నుండి వేరు చేయాలని సంఘము సిఫారసు చేసింది. బెర్నార్డ్ ఫిషర్ బృందము జరిపిన ప్రయోగాలు అప్పటికే ఇదే దారిని చూపుతున్నాయి. 1980లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఈమెను జాతీయ కాన్సరు సలహా మండలిలో నియమించాడు.

తిరగబెట్టిన వ్యాధి

1980వ దశకము తొలి యేళ్లలో ఈమెకు కాన్సరు తిరగబెట్టింది. కీమోథెరపీకి బదులుగా, ఈస్ట్రోజెన్ ప్రభావాన్ని అడ్డుకొనే టామోక్సిఫెన్ మాత్రలను ఎంచుకొంది. శస్త్రచికిత్స తరువాత స్త్రీలకు తీవ్రమైన కీమోథెరపీ విచక్షణ లేకుండా ఇస్తున్నారని, అది కొత్త కాలపు హాల్‌స్టెడ్ పద్ధతిగా మారుతున్నదని 1984లో ఒక వైద్య పత్రికలో విమర్శించింది. ఆనాటి కీమోథెరపీలో వాడిన మందులలో ఒకటైన మెథోట్రెక్సేట్ తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వములోని లెడర్లీ పరిశోధక బృందము కృషి ఫలితము.

ఈ వాదము వివాదాస్పదమైనది. కీమోథెరపీ అనేకమంది ప్రాణాలను కాపాడుతుందని వైద్యులు బదులు చెప్పారు. టామోక్సిఫెన్ తయారీ సంస్థ నుండి ఈమె ఆర్థిక సహాయము పొందుటను, తానే రోగియై ఒక చికిత్సను సమర్థించుటను తరువాతి చరిత్రకారులు చర్చించారు. 1985 నాటి నిపుణుల సంఘము ముట్లుడిగిన కొన్ని తరగతుల రోగులకు టామోక్సిఫెన్‌ను, ముట్లుడగని, లింఫు గ్రంథులకు వ్యాధి సోకిన రోగులకు కీమోథెరపీని సూచించింది. హార్మోన్లకు స్పందించే తొలిదశ కాన్సరులో చాలామందికి కీమోథెరపీ అవసరము లేదని జన్యు పరీక్షల ఆధారముగా 2018లో వెలువడిన టైలర్‌ఎక్స్ పరిశోధన చూపింది. కనుక ఈమె ప్రశ్న కొంతవరకు సరైనదే. అయితే సమాధానము రోగిని బట్టి మారుతుంది.

చివరి రోజులు, ప్రభావము

1986లో రొమ్ము కాన్సరు సంస్థల జాతీయ కూటమి స్థాపనలో రోజ్ పాలుపంచుకొంది. వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ద్వారా మామోగ్రామ్ పరీక్షకు ఖర్చు ఇవ్వాలని చట్టసభ సభ్యులను కోరుతూ వచ్చింది. 1988లో చట్టము వచ్చినా, మరుసటి సంవత్సరమే అది రద్దయింది. 1990 జనవరి 7న వాషింగ్టన్‌లో తన 60వ యేట రొమ్ము కాన్సరుతోనే మరణించింది. అదే సంవత్సరము చివరలో మామోగ్రామ్ సదుపాయము తిరిగి చట్టములో చేరి, 1991 నుండి అమలయింది.

రొమ్ములో గడ్డ కనబడితే ముందు ముక్క పరీక్ష చేసి, ఫలితము రోగికి తెలిపి, ఆ తరువాతనే చికిత్సను నిర్ణయించుట నేడు సాధారణ పద్ధతి. ఈ మార్పుకు కృషి చేసినవారిలో రోజ్ కుష్నర్ ముఖ్యురాలు.