శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు – ఇనుపపనివారి సంఘము



నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన మన ఎలమంచిలి ప్రాంతమున కమ్మరికొలిమి లేని పెద్దగ్రామ మొకప్పు డరుదు. నాగటికఱ్ఱు, కొడవలి, గొడ్డలి, బండిచక్రపు పట్టా, సర్వమును ఊరి కమ్మరియే సిద్ధపఱచెడివాడు. కోతలయందు రైతు కళ్లమునుండి కొలిచి యిచ్చు మేరయే వానికి జీతము. ఆ యేర్పాటున అన్యాయము లేకపోలేదు. కాని చెప్పుకొనుటకు రచ్చబండ యైన నుండెను. 19వ శతాబ్దపు చివర తూర్పుతీరపు ఇనుపదారి మన యూరిమీదుగా వెళ్లెను. పిదప వాల్తేరుకు దక్షిణమున మద్రాసు కంపెనీయు, ఉత్తరమున బెంగాలు–నాగపురము కంపెనీయు బండ్లు నడపినవి. సమ్మెటపట్టు నేర్చిన తెలుగువారు వాల్తేరులో బండి మాఱి ఖర్గపురము రైలు కర్మాగారమునకో, జంషెడ్‌పురమున తాతావారి ఉక్కుకర్మాగారమునకో పోసాగిరి. అచట మేర లేదు, రచ్చబండ లేదు. కూత కూసినప్పుడు లోనికి, మరల కూసినప్పుడు వెలికి. పని పోయినచో వానిపక్షమున నడుగువాడు లేడు.

అట్లడుగుటకు నిలిచినవారిలో శ్రీ వరాహగిరి వేంకటగిరిగారు ముఖ్యులు. వారు మన వృత్తివారు కారు. అయినను ఇనుము కాచి బ్రదుకువారి సంచికలో వారి చరిత్రము చేరుట యుచితమని మా తలంపు.

గిరిగారు 1894 ఆగష్టు 10వ తేదీన, అప్పటికి మద్రాసు రాజధానిలో నున్న గంజాము మండలమున, బరంపురమందు జన్మించిరి. తండ్రి జోగయ్య పంతులుగారు పేరొందిన న్యాయవాది, తల్లి సుభద్రమ్మగారు. 1913లో గిరిగారు న్యాయశాస్త్రము చదువుటకై ఐర్లండు దేశమునకు వెళ్లిరి. వా రేగిన యేడే డబ్లిన్ నగరమున యజమానులు సంఘమున చేరినవారిని పనిలోనికి రానీయక నెలల తరబడి వాకిళ్లు మూసిరి. కూలివాని యాకలి యనునది రాజ్యతంత్రమున నెంత బలమైన సంగతియో ఆ నగరమున వారికి బోధపడెను. 1916లో ఈస్టరునాటి తిరుగుబాటు జరిగిన పిమ్మట, ఐరిషు దేశభక్తులతో సంబంధమున్నదను ననుమానమున వారు ఆ దేశము విడువవలసివచ్చెను. ప్లీడరుకాగల పట్టాతో, ప్లీడరీకి సరిపడని మనస్సుతో తిరిగివచ్చిరని చెప్పవచ్చును. బరంపురమున కొంతకాలము వకాల్తీ చేసి, సహాయనిరాకరణమున దానిని విడిచి, 1922లో చెరసాల చూచిరి.

తరువాత వారి దృష్టి రైలుపనివారిమీదికి మరలెను. అఖిలభారత రైలుకార్మిక సమాఖ్యను స్థాపించినవారిలో నొకరై, దానికి పదియేండ్లకు పైగా ప్రధానకార్యదర్శిగా నుండిరి. 1926లో అఖిలభారత కార్మిక మహాసభ కధ్యక్షులైరి. ఆ యేడే కార్మికసంఘముల చట్టమును పుట్టెను. సంఘపు నిర్వాహకులలో సగముమందివఱకు బయటివారుండవచ్చునని ఆ చట్టము సెలవిచ్చెను. ఇది చిన్నవిషయము కాదు. పనివాడే కార్యదర్శియై వినతిపత్రము పట్టుకొని పోయినచో మఱునాడు వాని పని యూడెడిది; పంతులుగారి కూడదీయుటకు పని యేది?

ఖర్గపురపు సంగతి విపులముగా చెప్పదగినది. రైలింజనులను, పెట్టెలను మరమ్మతు చేయు ఆ మహాకర్మాగారమున కమ్మరులు, పోతపనివారు, బాయిలరుపనివారు, ఫిట్టర్లు వేలకొలది పనిచేసెడివారు. వారిలో తెలుగువారును విస్తారము. 1927 ఫిబ్రవరిలో నొక సమ్మె జరిగి ముగిసెను. సెప్టెంబరులో కంపెనీవారు వేయిమందికి మించి పనివారిని తగ్గింతుమని తెలిపిరి. పనివారు కర్మాగారమునకు వచ్చియు చేతులు ముడుచుకొని కూర్చుండిరి. కంపెనీ తలుపులు మూసెను. ఆ మూత డిసెంబరు వఱకు సాగెను. మూడునెలలు జీతము లేక, పరదేశమున, కోమటి యప్పుమీద సంసారము నడపుట యెట్టిదో ఊహింపుడు. ఊరిలోనైనచో పొలముగట్టున కూర యైన దొరకును. అచట కూరకును కాసు కావలయును. గిరిగారు ఈ పోరాటమును నడపిన నాయకులు. దౌర్జన్యము కూడదని కట్టడి చేసిరి. ఇనుపపనివాని చేతిలో సమ్మెట యుండగా ఈ కట్టడి నిలుపుట సులభముకాదు. సంఘము చీలక నిలిచెను. కులమున కులముగా నిలువని చోట, ఒకే కొలిమివద్ద వేర్వేఱు కులములవారు వేర్వేఱు భాషలతో నొక్కటిగా నిలుచుట మనవారికి క్రొత్తపాఠము.

1931లో లండనునందలి రెండవ రౌండుటేబిలు సమావేశమునకు కార్మిక ప్రతినిధిగా వెళ్లిరి. 1937లో బొబ్బిలియందు బొబ్బిలిరాజావారినే ఎన్నికలో నోడించి, మద్రాసు మంత్రివర్గమున కార్మికశాఖ నందిరి. 1952లో కేంద్రమున నదే శాఖ లభించెను. ఇచట వారి పట్టుదల యొకటి చెప్పవలయును. తగవు వచ్చినప్పుడెల్ల ప్రభుత్వపు న్యాయస్థానములకు పరుగిడుటచే సంఘములు బలహీనమగునని వారి మతము. యజమానియు పనివాడును ఎదురెదురుగా కూర్చుండి తేల్చుకొనవలెననిరి. ప్రభుత్వమున నీ మతము చెల్లలేదు. బ్యాంకుపనివారికి లభించిన తీర్పును ప్రభుత్వము మార్చుటతో 1954లో మంత్రిపదవిని వదలిరి. మంత్రులు పదవి విడుచు కారణములలో నిట్టిది యరుదు.

పిదప మూడు రాష్ట్రములకు గవర్నరులై, 1967లో ఉపరాష్ట్రపతియై, 1969లో స్వతంత్రముగా నిలిచి మఱియొక తెలుగువాడగు శ్రీ నీలం సంజీవరెడ్డిగారిపై గెలిచి రాష్ట్రపతియైరి. వారి హయాముననే 1971 జనవరి 20న శ్రీమతి ఇందిరాగాంధి విశాఖ ఉక్కుకర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. మన చేరువననే ఇనుము కరగు యోగము పట్టెను.

కాని 1974 మే నెలను దాటవేయరాదు. ఆ నెల 8వ తేదీన రైలుపనివారు దేశమంతట సమ్మె కట్టిరి. నడపినది గిరిగారు కట్టిన సమాఖ్యయే. అప్పటి దాని యధ్యక్షులు జార్జి ఫెర్నాండెజు. వేలకొలది పనివారు చెరల పాలైరి. ఇరువది దినములకు సమ్మె విరిగెను. ఖర్గపురమున పనివారి పక్షమున నిలిచిన పంతులుగారు ఆ వేళ రాష్ట్రపతిభవనమున నుండిరి. రాష్ట్రపతికి మంత్రివర్గపు సలహాయే శరణ్యమని రాజ్యాంగజ్ఞులు చెప్పుదురు, అది నిజమే. అయినను 1954లో పదవిని గడ్డిపోచగా నెంచినవారినుండి పనివారు మఱియొకటి యాశించిరన్నచో వారిది తప్పని మేమనలేము.

ఆగష్టులో వారి పదవీకాలము ముగిసెను. 1975లో భారతరత్న బిరుద మొసగబడెను. 1980 జూన్ 24వ తేదీన మద్రాసులో గిరిగారు దివంగతులైరి.