బొమ్మ సిపాయిల పెద్దాయన – హెచ్. జి. వెల్స్

ఈ సంచికలో ప్రతి ఏడూ మన వీరుల చరిత్రలు వస్తుంటాయి. ఈసారి నేను యూనిఫారం ఎన్నడూ వేసుకోని ఒక ఇంగ్లీషు రచయిత గురించి రాస్తున్నాను. ఎందుకో ముందు చెప్పాలి.

రిటైరయ్యాక కొన్నేళ్ళు బస్తర్‌లో సెక్యూరిటీ ఉద్యోగం చేశాను. జగదల్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్ళే రోడ్డు మీద కొండగావ్ ఉంది. అక్కడ ఘడ్వా పనివాళ్ళు ఇత్తడి గుర్రపు రౌతుల్ని పోస్తారు. మట్టి ముద్ద మీద తేనెమైనం తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి మెత్తి, కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలోకి లోహం దిగుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే, కాబట్టి ఏ రౌతూ ఇంకో రౌతులా ఉండడు. ఒకణ్ణి కొని బల్ల మీద పెట్టుకున్నాను. వాడికి తోడుగా సంతలో ఒక సంచీడు ప్లాస్టిక్ సిపాయిలు కొన్నాను. తలలు కోసి మార్చడం, ఎం-సీల్‌తో తలపాగాలు చుట్టడం, సన్న బ్రష్షుతో రంగులెయ్యడం, ఇదీ నా సాయంత్రాల పని. మా ఆవిడ నవ్వింది, తర్వాత అలవాటు పడింది. ఈ పిచ్చికి మూలపురుషుడెవరా అని చదువుతూ పోతే దొరికినాయన వెల్స్.

ఆయన 1866 సెప్టెంబరు 21న ఇంగ్లాండులోని బ్రామ్లీలో పుట్టాడు. తండ్రి జోసెఫ్‌కు చిన్న పింగాణీ సామాన్ల కొట్టు ఉండేది, డబ్బుకు క్రికెట్ కూడా ఆడేవాడు. తల్లి పెద్దింటి వాళ్ళ దగ్గర పనిచేసింది. ఏడేళ్ళప్పుడు కాలు విరిగి మంచం పట్టిన పిల్లాడికి పుస్తకాలే దిక్కయ్యాయి. తర్వాత బట్టల కొట్లో రోజుకు పదమూడు గంటల చాకిరీ. అది తప్పించుకుని స్కాలర్‌షిప్పు మీద లండన్ వెళ్ళి హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివాడు. 1895లో టైమ్ మెషిన్, 1898లో వార్ ఆఫ్ ది వరల్డ్స్ నవలలతో ప్రపంచమంతా పేరొచ్చింది. ఆ సంగతులు మన పిల్లలకు కూడా తెలుసు, వదిలేస్తాను.

పెద్ద కొడుకు 1901లో, రెండోవాడు 1903లో పుట్టారు. వాళ్ళతో నేల మీద కూర్చుని ఆడిన ఆటల గురించి 1911లో ఫ్లోర్ గేమ్స్ రాశాడు. కొట్లలో సిపాయి బొమ్మలే గానీ మామూలు మనుషుల బొమ్మలు దొరకవని అందులో గట్టిగానే ఫిర్యాదు చేశాడు. 1913లో లిటిల్ వార్స్ వచ్చింది. బొమ్మల యుద్ధానికి నియమాలు రాసి, మామూలు జనం ఇంట్లో ఆడుకునేలా చేసిన పుస్తకం అది.

అప్పటికి బ్రిటన్స్ అనే లండన్ కంపెనీ 1893 నుంచి బోలు సీసం సిపాయిలు పోస్తోంది. అచ్చులో కరిగిన సీసం పోసి, అంచు గట్టిపడగానే మిగతాది బయటికి ఒంపేస్తారు. సరుకు తక్కువ, బరువు తక్కువ, ధర తక్కువ. ఒకే అచ్చులోంచి వేలమంది ఒక్కలాంటి వాళ్ళే వస్తారు, కొండగావ్ రౌతుకు సరిగ్గా ఎదురు. మద్రాసు పదాతి దళం బొమ్మలు కూడా వాళ్ళు పోశారు. మెడ విరిగితే అగ్గిపుల్ల ముక్క గుచ్చి తల నిలబెట్టేవాళ్ళు. మార్పులు చెయ్యడం అనే ఈ కళకు అదే ఓనమాలు.

వెల్స్ ఆటకు అసలు ప్రేరణ స్ప్రింగుతో పుల్ల ముక్కల్ని కొట్టే బొమ్మ ఫిరంగి. శాండ్‌గేట్‌లోని ఇంట్లో ఒకరోజు భోజనాలయ్యాక జెరోమ్ కె. జెరోమ్ దాంతో గురి చూసి ఒక సిపాయిని పడగొట్టాడట. అంతే, పట్టుకుంది! పదాతి ఒక ఎత్తులో ఒక అడుగు, గుర్రం రెండు అడుగులు. ఫిరంగి పేలాలంటే దగ్గర నలుగురైనా ఉండాలి. ఎత్తు వెయ్యడానికి గడియారం పెట్టుకునేవారు, ఆలోచిస్తూ కూర్చుంటే కుదరదు. చెక్క దిమ్మెలు, అట్టలు ఇళ్ళు, రెమ్మలు చెట్లు, సుద్దముక్కతో గీసింది నది. మనకిది కొత్తా? రంపపు పొట్టుకు రంగేసి, సున్నంతో రోడ్డు వేసి, అగ్గిపెట్టెలు ఇళ్ళుగా పెట్టి ఎన్ని సాండ్ మోడళ్ళు చెయ్యలేదు మనం!

ప్రష్యా సైన్యంలో అధికారుల కోసం 1824 నాటికే క్రీగ్‌స్పీల్ అనే ఆట ఉంది. బ్రిటిష్ సైన్యం ఆడే తీరు మాత్రం చప్పగా ఉందని, అంపైర్ మీదే అంతా నడుస్తోందని వెల్స్ అభిప్రాయం. ఇందులో నాది ఆయన మాటే.

పుస్తకం చివర ఆయన అసలు సంగతికి వస్తాడు. ఈ ఆట మూడు నాలుగు సార్లు ఆడితే చాలు, నిజం యుద్ధం ఎంత తెలివితక్కువ పనో తెలుస్తుందంటాడు. నేను హవల్దారుగా ఉన్నప్పుడు ఒక ఆపరేషన్‌కు ముందు సాండ్ మోడల్ మీద సెక్షన్ల చీటీలు నేనే గుచ్చాను. తిరిగొచ్చాక మోడల్ చెరపాల్సిందీ నేనే. రెండో సెక్షన్ చీటీ తీస్తుంటే చెయ్యి ఆడలేదు. అందులో ఇద్దరు రాలేదు. సీసం సిపాయిని మళ్ళీ డబ్బాలో పెట్టొచ్చు. వెల్స్ ఆ మాట గదిలో కూర్చుని అన్నా, అన్నది నిజమే.

ఏడాది తిరక్కుండానే, 1914లో, పెద్ద యుద్ధం వచ్చింది. అదే వెల్స్ ఈ యుద్ధం యుద్ధాలన్నిటినీ అంతం చేస్తుందని రాశాడు. ఇక్కడ మాత్రం ఆయన పొరబడ్డాడు. 1916లో రాసిన మిస్టర్ బ్రిట్లింగ్ నవలలో, యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి దుఃఖం ఉంది. ఆయన కొడుకులు చిన్నవాళ్ళు కాబట్టి మిగిలారు.

ఇంకో విచిత్రం. ఇనుప ఓడల్లాంటి యుద్ధ బండ్లు నేల మీద నడుస్తాయని 1903లోనే ఒక కథ రాశాడు. 1916 జూలై 14న సోమ్ రంగంలో హై వుడ్ దగ్గర మన డెక్కన్ హార్స్ గుర్రాల మీద ఈటెలతో దాడి చేసింది. అది హైదరాబాదు మూలాలున్న రెజిమెంటు. రెండు నెలలకు, సెప్టెంబరు 15న, అదే అడవి మీదికి టాంకులు వచ్చాయి, యుద్ధంలో అవి దిగిన మొట్టమొదటి రోజు అది. ఆ డెక్కన్ హార్సే 1965లో అసల్ ఉత్తర్‌లో షెర్మన్ టాంకుల మీద పోరాడింది.

1934లో మధుమేహ రోగుల సంఘం స్థాపించినవారిలో వెల్స్ ఒకడు, ఆయనకూ ఆ జబ్బు ఉంది. రెండో యుద్ధంలో బాంబులు పడుతున్నా లండన్ వదల్లేదు. అణుబాంబు అనే మాట 1914లోనే నవలలో వాడినవాడు, హిరోషిమాను కూడా చూసి, 1946 ఆగస్టు 13న పోయాడు. అస్థికలు సముద్రంలో కలిపారు.

కొండగావ్ రౌతు ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కన ఉన్నాడు. వాడికి రంగు వెయ్యలేదు. సంచీలో సిపాయిలు ఇంకా పదకొండు మంది మిగిలారు, తలపాగాలు ఆరాలి.